పలచన సూపు

ఆ కొట్టులో నాలుగే బల్లలు. ఏ రోజు సూపు ఆ రోజే కాస్తారు. నడిపే ఆవిడను అందరూ సూపక్క అంటారు.

రిటైరైన మేనేజరుగారు రోజూ వచ్చి, నోటినిండా వంకలు పెట్టి, గిన్నె అడుగు కనపడేదాకా తాగి వెళ్ళేవారు. నిన్న ఉప్పు లేదు, మొన్న ఉప్పు కషాయం. "ఈ సణుగుడు ఎలా భరిస్తావక్కా?" అని పక్క కొట్టు టైలరు అడిగితే, "అలవాటే తమ్ముడూ" అనేది ఆవిడ.

ఆ మధ్యాహ్నం టమాటా సూపు. బల్లలన్నీ నిండి, జనం గుమ్మందాకా నిలబడ్డారు. మేనేజరుగారు ఒక చెంచా నోట్లో పోసుకుని చిందులు తొక్కారు.

"ఇది సూపా, కుడితా? మనుషులు తాగేదేనా?"

"వేడిగా ఉంది. నిదానంగా తాగండి," అంది సూపక్క.

"నాకే నేర్పుతావా? ఇదే మా ఇంట్లో అయితే గిన్నె గోడకేసి కొట్టేవాణ్ణి!"

సూపక్క గరిటె పక్కన పెట్టి, ఆయన కళ్ళలోకి సూటిగా చూసింది.

"కొట్టారుగా! ఆ గోడలు కడిగింది నేనేగా! అందుకేగా విడాకులిచ్చాను."

గుమ్మం దగ్గర ఎవరో కిసుక్కున నవ్వారు.

"ఇక్కడ మాత్రం ఎవరి గిన్నె వాళ్ళే కడుక్కోవాలి. కుళాయి అటుంది."

మేనేజరుగారు అటూ ఇటూ చూశారు. ఒక్కరూ ఆయన వైపు లేరు. మిగిలిన సూపు గుటగుటా తాగేసి, కుళాయి దగ్గరకు నడిచారు. గిన్నె తోముతూ, తల ఎత్తకుండానే, గొంతు బాగా తగ్గించి అడిగారు:

"రేపేం సూపు?"