అర చుట్టు

రెండు గేజీల ముళ్లూ మళ్లీ చెరోచోట నిలబడ్డాయి.

మెకానిక్ కళ్లద్దాలు తుడుచుకుని ఇంకోసారి చూశాడు. నిన్న సాయంత్రమేగా రెండింటినీ ఒక్క గీత మీదికి తెచ్చి, ఇంజను ఆపి ఇంటికెళ్లాడు. పొద్దున్నే స్టార్ట్ చేస్తే ఆ చిన్న విమానం చలిజ్వరం వచ్చినట్టు వణుకుతోంది.

కాక్‌పిట్‌లో థ్రాటిల్ పట్టుకుని కూర్చున్న అక్కకి ఆపెయ్యమని చేత్తో సైగ చేశాడు. బావ బతికున్న రోజుల నుంచీ ఈ పని వాళ్లిద్దరిదే. ఇంజను దగ్గర తమ్ముడు, థ్రాటిల్ దగ్గర అక్క. ఆ చప్పుడులో మాటలు వినపడవు గనక అంతా సైగలే.

ప్రొపెల్లరు ఆగింది.

"ఎంత తేడా రా?" అంది అక్క.

"కుడివైపు అర చుట్టు."

ఫ్లయింగ్ క్లబ్బులో అందరూ అతన్ని పావుచుట్టు మాస్టారంటారు. థ్రాటిల్ నుంచి కార్బొరేటర్‌కి వచ్చే కేబుల్ చివరి మరను పావు చుట్టు తిప్పి, గేజీ చూసి, మళ్లీ పావు చుట్టు తిప్పి చూసేవాళ్ల ప్రాణం తీస్తాడు. ఏం చేస్తాడు పాపం, ఇంజనుకి కార్బొరేటర్లు రెండు. ఎడమవైపు సిలిండర్లకి ఒకటి, కుడివైపు వాటికి ఒకటి, ఒక్కోదానికి ఒక గేజీ. బరువైన బల్లని ఇద్దరు మోస్తున్నప్పుడు ఒకడు తొందరపడితే ఏమవుతుందో, ఇవి రెండూ సమానంగా తెరుచుకోకపోతే అదే అవుతుంది.

ఏమవుతుందో అతనికి తెలుసు. మూడేళ్ల కిందట బావ ఎగిరిన పావుగంటకి కుడి కేబుల్ జారి, ఆ కార్బొరేటర్ తన దారిన తను పూర్తిగా తెరుచుకుంది. ఇంజను ఊగిపోయింది. బావ రన్‌వే దాకా రాలేకపోయాడు. విచారణకి వచ్చినవాళ్లు ఒక్క ముక్క రాసిపోయారు. 'మర కదలకుండా పట్టుకునే లాక్ నట్టు బిగించలేదు. మెకానిక్ నిర్లక్ష్యం.'

బిగించాననే అతని నమ్మకం. కానీ నట్టు వదులుగా కళ్లెదుట కనబడుతుంటే నమ్మకం ఎవడిక్కావాలి? రెండేళ్లు లైసెన్సు లాక్కున్నారు. అక్క మాత్రం పల్లెత్తు మాట అనలేదు. పిలిచి అన్నం పెట్టి, "నీ తప్పేం లేదు రా" అంది. ఆ మాట విన్నప్పుడల్లా అతనికి భూమి చీలి అందులోకి పోతే బావుణ్ణనిపించేది.

లైసెన్సు తిరిగొచ్చాక ఒక అలవాటు చేసుకున్నాడు. నట్టు బిగించగానే దాని మీద నుంచి మర మీదికి ఎర్ర రంగుతో సన్నగా ఓ గీత గీస్తాడు. ఏది కదిలినా గీత విరుగుతుంది. తన చేతికి తను పెట్టుకున్న కాపలా అది.

ఇవాళ ఆ గీత విరిగి ఉంది. విచిత్రమేమిటంటే నట్టు మాత్రం గట్టిగా బిగించే ఉంది.

"విప్పిన దయ్యమే మళ్లీ బిగించి పోయిందమ్మా," అన్నాడు అప్పుడే వచ్చిన మేనకోడలితో, నవ్వబోయి నవ్వలేక.

"నాన్నే అయ్యుంటాడు మామయ్యా. ఆయన పనెప్పుడూ నీటుగా ఉండేది," అని ఆ పిల్ల నవ్వేసింది. రేపు మొదటిసారి ఒంటరిగా ఎగరబోతోంది. ఆ సంబరంలో ఉంది.

అక్క వద్దనలేదు. అక్క ఎవర్నీ దేనికీ వద్దనదు. బావనీ ఏనాడూ అనలేదు.

మళ్లీ పావు, మళ్లీ పావు. ముళ్లు రెండూ కలిశాయి. నట్టు బిగించి, మేనకోడలి చేత కూడా స్పానరుతో లాగించి చూసి, కొత్త గీత గీశాడు. వెళ్తూ వెళ్తూ మేకుకి వేలాడుతున్న బావ హెడ్‌సెట్ వైపు చూశాడు.

"ఏం బావా, పిల్లని ఎక్కనివ్వవా?" అన్నాడు మెల్లగా.

మర్నాడు అతను వచ్చేసరికి అక్క ఎప్పటిలాగే షెడ్డు తలుపు తీసి, విమానం రెక్కలు తుడిచి, ఫ్లాస్కులో టీ తెచ్చి పెట్టింది. ఇంజను స్టార్ట్ చేశారు. విమానం వణికింది. కుడివైపు, అర చుట్టు. గీత విరిగింది. నట్టు బిగుతుగా ఉంది.

నిన్న బిగించింది నిజమేనా? ఆ రోజు బిగించానన్నదీ ఇలాంటి నిజమేనా? బావ చచ్చి కూడా, నీ చెయ్యి మంచిది కాదురా అని చూపిస్తున్నాడా?

ఇంజను ఆపించాడు. స్పానరు బల్ల మీద పెట్టాడు. జేబులోంచి లైసెన్సు తీసి దాని పక్కన పెట్టాడు.

"అక్కా, ఇవాళ్టితో సరి. ఈ చెయ్యి బావని మింగింది, నీ కూతుర్ని కూడా మింగనివ్వను. వేరే మెకానిక్‌ని పిలిపించుకోండి. నేను ఇంక ఇంజను ముట్టను."

"అలా అనకు రా."

"ఎలా అనకుండా ఉంటాను? నా చేతులు ఏం చేస్తున్నాయో నాకే తెలియట్లేదు."

అక్క కాక్‌పిట్ దిగింది. జిడ్డు ఓడుతున్న అతని రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుంది. మూడేళ్లలో అక్క ఏడవడం అతను చూడలేదు. ఇప్పుడు చూశాడు.

"నీ చేతులు బంగారం రా," అంది.

"మరి ఎవరక్కా? బావేనా?"

అక్క మేకుకున్న హెడ్‌సెట్ వైపు చూసింది.

"ఆ రోజు ఇంజను వణికితే ఆయన ఆ పూటకి ఆగిపోతారని అర చుట్టు తిప్పానే గానీ, నట్టు మళ్లీ బిగించాలని నాకప్పుడు తెలీదు రా."