పడకగదికి నల్ల రంగు

రెండో కోటు వేసేసరికి గది అచ్చం బొగ్గు బాయిలా తయారైంది. దుర్గవ్వ గుమ్మంలోనే ఆగిపోయింది. లోపలికి అడుగు పెట్టబుద్ధి కాలేదు.

"పండుకునే అర్రకు నల్ల రంగేందిరా? ఇంట్ల ఎవలన్న సచ్చిపోయిండ్రా?"

"గిది స్కాండినేవియన్ స్టైల్ అవ్వా. గోడలు చీకటిగుండాలె, లైటు తక్కువుండాలె. మంచు దేశాలల్ల గిట్లనే పెట్టుకుంటరు," అన్నాడు కొడుకు సన్నీ, బ్రష్షు దించకుండానే.

మంచు దేశాల సంగతి దుర్గవ్వకు తెలియదు. మంచిర్యాల పక్కన బొగ్గు కాలనీ క్వార్టర్లో, మే నెల ఎండల్లో, ఆ నల్ల గోడల మధ్య పడుకోవాల్సిన మొగుడి సంగతి మాత్రం తెలుసు.

సన్నీ హైదరాబాదులో ఇంటీరియర్ పని నేర్చుకుని వచ్చి ఏడాదైంది. ఇప్పటికి ఒక్క ఇల్లూ దొరకలేదు. ఒక గది చేసి చూపించి వీడియో పెడితే జనం వెతుక్కుంటూ వస్తారని వాడి ఆశ. "ఎవరిదో ఎందుకురా, నా అర్రనే తీస్కో" అని తండ్రి ఎల్లేశం ఇచ్చేశాడు. కొడుకంటే ఆయనకు అంత పిచ్చి.

ట్యూబులైటు పోయింది. మూలన గుడ్డి దీపం ఒకటి వచ్చింది. కిటికీకి బూడిదరంగు మందపాటి పరదా. నేల మీద నల్ల తివాచీ. దాని మధ్యలో మోకాలెత్తు టేకు స్టూలు, అదీ నలుపే. పట్టపగలు కూడా కంటికి ఆనేది కాదు.

మూడో రోజే ఎల్లేశం ఆ స్టూలుకు కొట్టుకుని పడ్డాడు. మరో నాలుగు రోజులకు మళ్ళీ పడ్డాడు. రెండుసార్లూ కుడి మోకాలే. అది బుస్సున వాచింది. డ్యూటీకి సెలవు పెట్టాల్సి వచ్చింది.

పసుపు ఉడికించి పట్టు వేస్తుంటే దుర్గవ్వకు ఏడుపొచ్చింది. ఈ మనిషి ముప్పై ఏళ్ళుగా బొగ్గు బాయిలో దిగుతున్నాడు. తలమీద లైటు ఆరిపోయినా గోడ తడుముకోకుండా బయటికి నడిచి వస్తాడని తోటివాళ్ళు చెప్పుకుంటారు. ఒంటి మీద చిన్న గీత పడలేదు. అలాంటివాడు ఇంట్లోనే రెండుసార్లు పడ్డాడంటే, ఆ గది ఎంత చెడ్డదై ఉండాలి?

"గా స్టూలు అవుతల పారేస్తనయ్యా," అంది.

"పోరడు మోజు పడి చేసిండు. ఉండనియ్యి," అన్నాడు ఎల్లేశం.

ఆ సాయంత్రం పక్క క్వార్టరు భూమన్న కర్ర ఊతంతో వచ్చి లడ్డూలు పంచాడు. బాయిలో కాలు నలిగి ఆయన అన్‌ఫిట్ అయ్యాడు. తండ్రిని డాక్టర్లు అన్‌ఫిట్ అని రాస్తే కొడుక్కి కంపెనీలో నౌకరి వస్తుంది. కాలనీలో పసిపిల్లలకూ తెలిసిన సంగతే. కాకపోతే రిటైర్మెంటుకు కనీసం రెండేళ్ళు మిగిలి ఉండగానే అది జరగాలి. ఎల్లేశానికి వచ్చే నెల దాటితే ఆ గడువు పోతుంది.

"భూమన్న కొడుకు ఒడ్డున పడ్డడు," అన్నాడు ఎల్లేశం.

సన్నీ లడ్డూ తినకుండా చేతిలోనే పట్టుకుని, తండ్రి మోకాలి వైపు చూస్తూ కూర్చున్నాడు.

ఆ చూపు దుర్గవ్వ కంటపడింది. నౌకరి కోసం వాడు తండ్రి కాలు విరగ్గొట్టాలని చూస్తున్నాడా? కన్న కొడుకు మీద ఇంత పాపిష్టి అనుమానం వచ్చినందుకు తనను తానే తిట్టుకుంది. అయినా అది పోలేదు.

మర్నాటి నుంచి కాపలా కాసింది. స్టూలును మంచం కిందికి తోసేది. అటు పనిలో పడి ఇటు వచ్చేసరికి అది మళ్ళీ గది నడుమ ఉండేది. పరదా పక్కకు లాగేది. కాసేపటికి అదీ మూసి ఉండేది. నాలుగో రోజు ఎల్లేశం మూడోసారి పడ్డాడు. లేవలేక నేల మీదే కూర్చుండిపోయాడు.

"దవాఖానకు పోదాం బాపూ. ఎక్స్‌రే తీపిద్దాం," అన్నాడు సన్నీ.

"గంత దెబ్బ కాలే. జర ఆగుదాం," అన్నాడు ఎల్లేశం.

దుర్గవ్వ ఆగలేకపోయింది. కొడుకును రెక్క పట్టి వంటింట్లోకి లాక్కెళ్ళింది.

"నీకు నౌకరి కావాల్నా, బాపు కావాల్నా?"

సన్నీ మొహం మాడిపోయింది. మారుమాట లేకుండా బండి తీసుకుని వెళ్ళిపోయాడు. తప్పు లేనివాడైతే జవాబు చెప్పి పోడా, అనుకుంది దుర్గవ్వ.

ఇక కొంగు నడుముకు దోపింది. పరదా పీకేసింది. తివాచీ చుట్టి వసారాలో పడేసింది. పాత ట్యూబులైటు దుమ్ము తుడిచి బిగించింది. స్టూలును పెరట్లో కట్టెల చాటున దాచింది. మధ్యాహ్నపు ఎండ గది నిండా పడింది. నల్ల గోడల మీద బ్రష్షు గీతలు కూడా లెక్కపెట్టేంత వెలుగు. మంచం మీద నుంచి ఎల్లేశం అంతా చూస్తూ ఊరుకున్నాడు.

"ఇగ నీకేం ఫికర్ లేదయ్యా," అని బిందె చంకన పెట్టుకుని వీధి నల్లా దగ్గరికి వెళ్ళింది. చాలా రోజులకు ఆమె మనసు కాస్త కుదుటపడింది.

తిరిగొచ్చేసరికి పెరటి తలుపు తీసి ఉంది. కట్టెల చాటున స్టూలు లేదు. బిందె అక్కడే దించి, సన్నీని ఈసారి చెంపలు వాయించాలని పడకగది వైపు పరుగెత్తింది.

పట్టపగటి వెలుగులో, ఆ స్టూలును గది నడుమ పెట్టుకుని, దాని అంచు కుడి మోకాలికి సరిగ్గా తగిలేలా ఎత్తు చూసుకుని, కుంటుతూ నాలుగడుగులు వెనక్కి వేసి, పండ్లు బిగించి ఎల్లేశం దాని మీదికి ఉరికాడు.