రోడ్డు మధ్య మేకు

కుక్కల బెడద అయింది. కొళాయి నీళ్ళ గొడవ అయింది. దోమల మందు కొట్టారా లేదా అని ఇద్దరు కౌన్సిలర్లు కాసేపు అరుచుకోవడం కూడా అయింది.

"పదకొండో అంశం. మండీ బజారు రోడ్డు విస్తరణ," అని క్లర్కు చదివాడు.

బల్లలు చరిచి ఆమోదించడానికి చేతులు లేచాయి. టైము ఒంటిగంట. కింద భోజనాల్లో చిన్నరసాలున్నాయని అందరికీ తెలుసు.

"ఒక్క నిమిషం అండీ," అన్నాడు వెనక నిలబడ్డ ముసలాయన.

పేరు నరసింహం. దర్జీ. మండీ బజార్లో ఆయన ఇంటికి తొమ్మిదడుగుల ముందుగది, అందులో ఒక కుట్టుమిషను. ఆ మిషను తొక్కే పెళ్ళి చేసుకున్నాడు, పిల్లల్ని చదివించాడు, భార్యని సాగనంపాడు. సీజన్లో చాట్రాయి, విస్సన్నపేటల నుంచి వచ్చే మామిడి లారీలు ఆ బజార్లో ఇరుక్కుపోతున్నాయని రోడ్డు వెడల్పు చేస్తున్నారు. నెల కిందట ఆయన గోడ మీద ఎర్ర పెయింటుతో గుర్తు పెట్టారు. ఐదు అడుగులు కొట్టేస్తారు. గురువారం పొద్దున పదింటికి జేసీబీ వస్తుంది.

కౌన్సిల్ మీటింగులో బయటివాళ్ళు నోరెత్తకూడదు. కానీ చైర్‌పర్సన్ బసవమ్మ మనసున్న మనిషి.

"రెండు ముక్కల్లో చెప్పండి బాబాయిగారూ," అంది.

"నలభై అడుగుల రోడ్డంటున్నారు. వెయ్యండమ్మా, నేను కాదనను. మధ్యలో మేకు కొట్టి, అటు ఇరవై, ఇటు ఇరవై కొలిచారు. అదీ న్యాయమే. కానీ ఆ మేకే మధ్యలో లేదు. మా గోడకి పదిహేను అడుగుల్లో ఉంది. ఎదుటి మండీ గోడకి ఇరవై అడుగుల్లో ఉంది."

"జాకెట్లు కొలిచే టేపుతో రోడ్డు కొలిచావా ఏంటి?" వీరరాఘవయ్య పకపకా నవ్వాడు. ఆ వార్డు కౌన్సిలర్ ఆయనే. ఎదుటి మామిడి మండీ కూడా ఆయనదే.

"ఏడుసార్లు పరిచానండీ. నలభై ఏళ్ళుగా టేపు పట్టిన చెయ్యి, అరంగుళం తేడా రాదు. మేకు సరిగ్గా కొడితే నాది రెండున్నర పోతుంది, తమరిది రెండున్నర పోతుంది. మిగిలినదాంట్లో నా మిషను పడుతుంది. ఐదూ నాదే పోతే మిషను నెత్తిన పెట్టుకోనా?"

ఎవరూ నవ్వలేదు. మేకు కొట్టిన సర్వేవాళ్ళు ఆ మధ్యాహ్నం ఎవరింట్లో విస్తరేసుకున్నారో తెలియనివాళ్ళు ఆ హాల్లో లేరు.

బసవమ్మ పక్కకి తిరిగింది. "కౌముదీ, నువ్వేమంటావమ్మా?"

కౌముది వార్డు ప్లానింగ్ సెక్రటరీ. ఇరవై ఎనిమిదేళ్ళుంటాయి. మేకు నుంచి కొలిచి ఎర్ర గుర్తు పెట్టించిందీ, కాగితం మీద సంతకం చేసిందీ ఆమే. నిజానికి ఆ వార్డు ఆమెది కాదు. అక్కడి సెక్రటరీ పురిటికి సెలవు పెడితే, ఇన్‌ఛార్జిగా కౌముదినే వెయ్యాలని పట్టుబట్టింది వీరరాఘవయ్య.

ఇంకేముంది, అర్థమైపోయిందంటారా? తొందరపడకండి. పోయిన వారం మండీ నుంచి ఆఫీసులో అందరికీ రసాల బుట్టలొచ్చాయి. తిప్పి పంపింది కౌముది ఒక్కతే.

ఆమె తలెత్తలేదు. "మీరు ఇక్కడికి రావద్దని ముందే చెప్పాను," అంది నరసింహంతో.

"చెప్పారు మేడమ్. ప్రాణం ఒప్పుకోలేదు. ఒక్కసారి ఆ మేకు దగ్గర టేపు పట్టండి. అంతకన్నా ఏమీ అడగను."

"కుదరదు."

"పక్క వీధిలో సాయిలక్ష్మిగారు అడిగితే మళ్ళీ కొలిచారు కదా. పాత గుర్తు చెరిపించి కొత్తది పెట్టించారు కదా."

"పెట్టించాను."

"మరి నాకెందుకు కొలవరు?"

కౌముది ఫైల్లోకి చూస్తూ కూర్చుంది. ముసలాయన అంతసేపూ నిలబడే ఉన్నాడు, కనీసం కూర్చోండి అనైనా అనలేదు. ఏం మనిషమ్మా అనిపిస్తుంది ఎవరికైనా.

బసవమ్మ పరిస్థితి అడకత్తెరలో పోకచెక్కలా ఉంది. "పోనీ ఇంకో సెక్రటరీ చేత కొలిపిద్దామా?" అంది.

"ఎవరు కొలిచినా ఆ ఆఫీసువాళ్ళే కదండీ," వీరరాఘవయ్య తాపీగా అన్నాడు. "ఈ ఇంటికి గుర్తు జరిపారంటే రేపు పేపర్లో ఏం రాస్తారు? నాకేం పోయింది? పాపం, ఈ అమ్మాయి ఉద్యోగం సంగతి చూసుకోండి. ఏమ్మా, నువ్వే చెప్పు. నీ కొలత తప్పా?"

అందరూ కౌముది వైపు చూశారు. కొందరు చూడలేక తల దించుకున్నారు.

తప్పని ఆమెకి తెలుసు. పెయింటు పూయించిన రోజే తెలుసు. హాలుకి రెండు తలుపులు, రెండూ బార్లా తెరిచే ఉన్నాయి. అయినా ఆమెకి బయటపడే దారి లేదు. తప్పంటే ఒక గొయ్యి, ఒప్పంటే ఒక నుయ్యి.

"సరైనదే," అంది.

బల్లలు మోగాయి. పదకొండో అంశం ఏకగ్రీవం. కుర్చీలు జరుపుకుని జనం భోజనాలకి లేచారు.

నరసింహం టేపు చుట్టి జేబులో పెట్టుకున్నాడు. కౌముది కుర్చీ దగ్గర ఒక్క క్షణం ఆగాడు. "సరే మేడమ్. మీ డ్యూటీ మీరు చేశారు," అన్నాడు. ఆ గొంతులో కోపం లేదు. మెట్లు దిగి ఎండలో ఇంటిదారి పట్టాడు. కౌముది అన్నానికి వెళ్ళలేదు.

సాయంత్రం ఆమె ఇంటికొచ్చి, కుట్టుమిషను పక్కన నేల మీద కూలబడి, వెక్కుతూ అంది: "ఇది మన ఇల్లు కాకపోయుంటే మళ్ళీ కొలిచేదాన్ని నాన్నా."