తాటిచెట్టు మీదుగా

మంచం మీద వెల్లకిలా పడుకుని కోడలు బంతిని పైకి విసిరింది. అది ఫ్యాను రెక్కకు తగిలి, పక్కనే పేపరు చదువుకుంటున్న మొగుడి ముక్కు మీద పడింది.

"అమ్మా! ఇది ఇల్లా, గ్రౌండా?"

"నీ ముక్కుకేం కాదులేరా. ముందు దీని మోచెయ్యి దారికి రావాలి," అంది అత్తగారు వంటింటి గుమ్మంలోంచి, చేతిలో గరిటె ఆడిస్తూ. "బంతి తిన్నగా పైకెళ్లి తిన్నగా నీ చేతిలోకే రావాలమ్మాయ్. పక్కకు పోయిందంటే ఎడమచెయ్యి తోస్తోందన్నమాట. ఎడమచెయ్యి తోడుపెళ్లికూతురు లాంటిది. పక్కన నిలబడాలంతే, పెత్తనం చెయ్యకూడదు."

"నవ్వించకండత్తయ్యా, గురి తప్పుతోంది!"

కోడలు నర్సు. ఆసుపత్రి బాస్కెట్‌బాల్ జట్టులో ఆడుతుంది. నిరుడు ఆఫీసుల పోటీ ఫైనల్లో, తపాలా జట్టు మీద, ఆఖరి షాటు ఆమె చేతికే వచ్చింది. ఎదురుగా తాటిచెట్టు లేచింది. తపాలా కెప్టెనుకు నర్సులంతా కలిసి పెట్టిన పేరది. ఆ చేతులు చూడగానే కోడలి కాళ్లు నేలకు అతుక్కుపోయాయి. బంతి బుట్ట దరిదాపులకైనా పోలేదు.

ఈసారి కూడా తప్పితే బెంచీ మీద కూర్చుని నీళ్ల సీసాలు అందించడమేనని నర్సుల కెప్టెన్ తేల్చి చెప్పేసింది.

అందుకే డాబా మీద నీళ్ల ట్యాంకుకు అడుగు ఊడిన బకెట్టు ఒకటి కట్టారు. సాయంత్రం కాగానే అత్తగారు కొంగు దోపుకుని పైకి వచ్చేది.

"మోకాళ్లు వంచు. మోచెయ్యి బంతి కింద ఉండాలి. పైదాకా ఎగిరాక వదులు, దిగుతూ కాదు. బంతి బుట్టలో పడేదాకా చెయ్యి దించకు."

"ఇవన్నీ గుర్తుపెట్టుకుంటే ఎగరడం మర్చిపోతాను!"

"రోజూ ఒకేలా వేస్తే ఒళ్లే గుర్తుపెట్టుకుంటుంది. అప్పుడు నువ్వు హాయిగా మర్చిపో."

మొదట్లో బంతి పక్కింటి డాబా మీదే ఎక్కువగా పడేది. "ఇక బంతి మా దగ్గరే ఉంచుకోమంటారా?" అని పక్కింటావిడ వెటకారంగా అడిగేది. పోనుపోనూ బకెట్టు మోగడం మొదలైంది. తర్వాత మోగడం కూడా మానేసింది. బంతి అంచుకు తగలకుండా లోపలికి జారిపోతోంది. బకెట్టులో పడ్డ ప్రతి బంతికీ కోడలు చిందులేసింది. మొగుడు రెండు చేతులూ ఎత్తి అడ్డం నిలబడితే, అతని తల మీదుగా వేసి మరీ వెక్కిరించింది.

"నా మీదుగా ఎవరైనా వేస్తారు. తాటిచెట్టు మీదుగా వేసి చూపించు!" అన్నాడతను.

అత్తగారు తువ్వాలుతో వీపున ఒక్కటిచ్చింది. "చిన్నంతరం పెద్దంతరం లేదురా నీకు!" అని కోడలి వైపు తిరిగింది. "ఆవిడ నీ చేతులు చూడదు, కళ్లు చూస్తుంది. నువ్వు బుట్ట వైపు చూడగానే లేస్తుంది. ఒక్క క్షణం ఆగి అప్పుడు ఎగురు."

"ఆవిడ కూడా ఆగితే?"

"ఆగలేదు. ఎన్నేళ్ల అలవాటు!"

ఫైనల్ రానే వచ్చింది. ఆఖరి క్షణాలు. ఆసుపత్రి జట్టు ఒక్క పాయింటు వెనక. బంతి మళ్లీ కోడలి చేతికే వచ్చింది. ఎదురుగా తాటిచెట్టు. అప్పటికే ఇద్దరు నర్సుల షాట్లను ఈగల్లా కొట్టిపారేసి ఉంది.

"రా! వెయ్యి చూద్దాం!" అని కవ్వించింది.

కోడలు బుట్ట వైపు చూసింది. తాటిచెట్టు లేచింది. కోడలు ఆగింది. అప్పుడు ఎగిరింది.

బంతి ఆ పొడుగాటి వేళ్లకు అందీ అందనట్టుగా దాటి, నిశ్శబ్దంగా బుట్టలో దిగింది. ఈల మోగింది. నర్సులు కేకలు పెడుతూ ఒకరి మీద ఒకరు పడ్డారు. తపాలా వాళ్లు తలలు పట్టుకుని కూలబడ్డారు.

వాళ్లలో తాటిచెట్టు ఒక్కతే గంతులేస్తూ, దొరికినవాళ్లందరి భుజాలూ పట్టి ఊపేస్తూ అరిచింది: "చూశారా? అది నా కోడలండీ, నా కోడలు!"