రంజినికి పడని మందు

"సార్, ఏదో సూదిమందు పడదని రంజిని అంటోంది, పేరు తెలీదట. వాళ్లమ్మని అడిగి తొందరగా చెప్పండి!"

ఆఫీసు ఫోనులో, పిల్లల్ని విహారయాత్రకి తీసుకెళ్లిన బీనా టీచర్, కొచ్చి ఆసుపత్రి నుంచి.

నేను కంగారుపడలేదు. ఈ బడి విహారయాత్రల పని చక్కబెట్టడానికి మూడు వారాలకు కుదిరి, రెండు వారాల్లో ముగించినవాణ్ణి. పిల్లల వివరాలు రాసే నాలుగు పేజీల ఫారాన్ని ఆరు గడులకు కుదించాను. నలభై రెండు ఫారాలూ కంప్యూటర్లో నిండుగా ఉన్నాయి. రంజిని తల్లి నెంబరు చూసి, నా సెల్లులో నొక్కాను.

ఎదురుబల్ల మీద గుమాస్తా మోళిక్కుట్టి ఫోను మోగింది.

ఆమె దాన్ని ముట్టుకోలేదు.

"ఇదేంటక్కా?"

"తేయాకు కోసే తల్లులకి ఫోనెక్కడిది సార్? నెంబరు కొట్టకపోతే మీ ఫారం కదలదాయె. నాలుగింటికల్లా అన్నీ నిండాలన్నారు. నా నెంబరే కొట్టేశాను."

"ఎన్నిటికి?"

"నలభై రెండింటికీ."

సెల్లు కింద పెట్టాను. "తల్లులు వచ్చి చెబితే రాసుకునే పాత పుస్తకం ఉండాలిగా? పడని మందులు అందులో ఉంటాయి."

"ఉండేవి. చోటు దండగని సోమవారం మీరే కదా సార్, చిత్తుకాగితాలవాడి బండెక్కించారు."

ఆఫీసు ఫోనులో బీనా టీచర్ అడుగుతూనే ఉంది.

"సార్? వాళ్లమ్మ ఏమంది?"