తరఫు మనిషి

బస్సు డ్రైవరు యూనిఫాం కూడా విప్పకుండా తాళాల కొట్లోకి వచ్చి, చేతిలో కాగితాన్ని బల్లమీద పరిచి, ఒక గడిమీద వేలు పెట్టాడు.

"ఇది మా ఆవిడ ఆసుపత్రి కాగితం. ఇందులో మీ పేరెందుకుంది?"

తాళాలాయన ఆకురాయి పక్కన పెట్టి, నుదుటి మీది కళ్ళజోడు కిందికి దించుకుని చదివాడు. 'నాకు స్పృహ లేక, నా వైద్యం గురించి నేను చెప్పలేని స్థితి వస్తే నా తరఫున నిర్ణయం తీసుకునే వ్యక్తి' అని అచ్చులో ఉంది. దానికెదురుగా గుండ్రటి చేతిరాతలో అతని పేరు. ఆ చేతిరాత అతనితో ఆరేళ్ళు కాపురం చేసిన మనిషిది. పదకొండేళ్ళుగా ఆమె ఈ డ్రైవరు భార్య.

"తప్పుల్లేకుండా రాసింది," అన్నాడు.

"అంటే మీకు ముందే తెలుసా?"

"ఫోన్ చేసింది. తరఫు మనిషిగా ఉంటావా అంది. సరే అన్నాను. మీకు చెప్పే ఉంటుందనుకున్నా."

"చెప్పలేదు. ఇవాళ బీరువాలో కనబడింది. వచ్చే వారం గాల్‌బ్లాడర్‌లో రాళ్ళు తీస్తారు. చిన్న ఆపరేషనే. కానీ ఏదైనా అటూ ఇటూ అయితే, డాక్టరు నన్ను పక్కకు జరగమని మిమ్మల్ని పిలుస్తాడా? నేను గోడకానుకుని చూస్తుండాలా?"

"మనిద్దరికీ వరసేమవుతుందో నాకు తెలీదు గానీ, ముందు కూర్చోండి."

కొట్లో ఉన్నది ఒకటే స్టూలు. దానికో కాలు పొట్టి. డ్రైవరు ఎంత కోపంగా కూర్చుందామన్నా అది ఊగుతూనే ఉంది. బీరువా తాళంచెవి చేయించుకోవడానికి వచ్చిన ఒక పెద్దావిడ, చెవి చేతికొచ్చి పది నిమిషాలైనా కదలకుండా గోడకున్న తాళాలన్నీ శ్రద్ధగా చూస్తోంది.

"అసలు మీరెందుకు విడిపోయారు?" అన్నాడు డ్రైవరు. పదకొండేళ్ళుగా నోటిదాకా వచ్చి మింగేసిన ప్రశ్న అది.

"ఏం చెప్పినా సరే అంటానని."

"అదీ ఒక కారణమేనా?"

"ఒకరోజు విసుగెత్తి, అయితే విడిపోదామా అంది. సరే అన్నాను."

డ్రైవరుకు నవ్వొచ్చింది. పళ్ళ బిగువున ఆపుకుంటే ముక్కులోంచి తన్నుకొచ్చింది. పెద్దావిడ అటు తిరిగింది గానీ ఆమె భుజాలు కూడా ఊగాయి.

"మరి అలాంటి మనిషిని ఎందుకు రాసుకుంది?"

"అలాంటివాణ్ణనే. తను చెప్పిందే చేస్తాను, సొంత తెలివి కలపను. కోలుకునే ఆశ ఉన్నన్నాళ్ళూ ఏ వైద్యమైనా చేయించమంది. ఇక మనిషిని గుర్తుపట్టే దారి లేదని ఇద్దరు డాక్టర్లు తేలిస్తే మిషన్ల మీద ఉంచొద్దంది. నొప్పి తెలియనివ్వొద్దంది. ఇంటికి తీసుకెళ్ళి కిటికీ పక్కన పడుకోబెట్టమంది. అంతే."

డ్రైవరు టోపీ తీసి కళ్ళు తుడుచుకున్నాడు. "ఈ మాటలు నాతో చెప్పొచ్చుగా."

"నాలుగుసార్లు మొదలుపెట్టిందట. నాలుగుసార్లూ మీరు లేచి వంటింట్లోకెళ్ళి కుళాయి తిప్పారట."

డ్రైవరు తీసిన టోపీ మళ్ళీ పెట్టుకున్నాడు.

"తను పన్ను పీకించుకుంటే స్పృహ మీకు తప్పిందట కదా. నోట్లో దూది పెట్టుకుని మీ మొహాన నీళ్ళు చల్లిందట."

"ఆ పన్ను లోతుగా ఉంది," అన్నాడు డ్రైవరు.

ఈసారి పెద్దావిడ ఆపుకోలేదు. తాళాలాయన కళ్ళజోడు జారిపోయేలా నవ్వాడు. చివరికి డ్రైవరు కూడా నవ్వాడు. స్టూలు ఊగి కింద పడబోయి, బల్ల పట్టుకుని నిలదొక్కుకున్నాడు.

"మీ గురించి చాలా గొప్పగా చెప్పింది," అన్నాడు తాళాలాయన. "మాటిస్తే తప్పరట. ఎవరి కోసమైనా గట్టిగా నిలబడతారట. ఒక్క తన విషయంలోనే మీ కాళ్ళు తేలిపోతాయట. అంత పని మీ నెత్తిన పెట్టడం తనకిష్టం లేదంది."

డ్రైవరు కాగితంలోని గడిని మళ్ళీ చూశాడు. "మీ చెయ్యి వణకదా?"

"వణుకుతుంది. అయినా సరే అంటాను."

బయట ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ పోయారు. డ్రైవరు కాగితాన్ని మెల్లగా మడిచాడు.

"ఆ రోజే వస్తే నన్ను గది బయట నిలబెట్టకండి."

"బయటెందుకు? పక్కనే కూర్చోండి. తన చెయ్యి మీరు పట్టుకోండి. సంతకం నేను పెడతాను."

అంతే, పొద్దుటినుంచీ గుండెల మీద కూర్చున్నది దిగిపోయింది. ఒళ్ళంతా తేలికైపోయి, ఎవర్ని చూసినా నవ్వాలనిపించింది డ్రైవరుకు. పెద్దావిడ సంచీ అందించాడు, మెట్టు దిగేదాకా చెయ్యి పట్టుకున్నాడు. తానూ బయల్దేరబోతూ వెనక్కొచ్చి, తాళాలాయన చెయ్యి రెండు చేతులా పట్టుకుని ఊపాడు.

"మీరు మంచివారండీ. ఈ పదకొండేళ్ళలో మిమ్మల్ని చాలా తిట్టుకున్నాను."

"తెలుసు. ఒక్క నిమిషం ఆగండి."

తాళాలాయన సొరుగు లాగి, తాళంచెవుల గుత్తుల అడుగునుంచి ఒక కాగితం బయటికి తీశాడు. అదే ఆసుపత్రిది, అదే అచ్చు.

"ఇది నాది. ఒంటరివాణ్ణి, నాకూ ఒక మనిషి కావాలి కదా. ఆ మనిషి మాట తప్పకూడదు, నా కోసం ఏడవకూడదు. బాగా ఆలోచించి రాశాను. ఒప్పుకుంటే కింద సంతకం పెట్టండి."

డ్రైవరు కాగితం అందుకుని చూశాడు. గడిలో ఉన్నది తన పేరే.