ఎలిశబెతు యుకులేలే

"చెయ్యి తియ్యి మే! పెట్టె మూత అట్టా ఎత్తిపెడితే ఉప్పుగాలంతా లోపలికి పోద్ది!"

షారన్ చెయ్యి వెనక్కి లాక్కుంది. జీవానందం గబగబా వచ్చి మూత మూసేశాడు. ఆ పెట్టెలో ఉన్నది ఆయన భార్య ఎలిశబెతు యుకులేలే, నాలుగు తీగల బుల్లి గిటారు. ఆస్పత్రికి బయల్దేరే ముందు ఆమే దాన్ని తన పాత నూలుచీర ముక్కలో చుట్టిపెట్టింది. మళ్లీ ఇంటికి రాలేదు. ఏడాదిగా ఆ చుట్టు విప్పిన వాళ్లు లేరు.

"రేపు అమ్మ జ్ఞాపకార్థ కూడిక నాయనా. అమ్మ పాట అమ్మదాని మీద వాయించాలని నాకుండదా?"

"నీది ఉంది గదా!"

"నాది ప్లైవుడ్‌ది."

"అందుకే మేకుకి తగిలించి ఎండా గాలీ తగిలేచోట పెట్టినా ఏం కాలా. ఇది అసలు చెక్క. ఎండకి పగులుద్ది, ముసురుకి ఉబ్బుద్ది."

ఈ పాఠం విని విని షారన్ చెవులు దిబ్బెళ్లు పడ్డాయి. వేసవిలో చెక్క ఎండకుండా చిల్లుల సబ్బుపెట్టెలో తడి స్పాంజి, వానాకాలంలో తేమ పీల్చే పొట్లాలు. సముద్రం ఒడ్డున తుమ్మలపెంటలో వాళ్లింటికి ఎవరొచ్చినా ఆయన పెట్టె ముందు నిలబెట్టి మొదలెడతాడు: మధ్యలో గుండ్రటి రంధ్రం ఉంటుందే, దాని అంచు చూడాలి, అసలు చెక్కయితే పైనున్న గీతలే అంచులోకి దిగుతాయి, ప్లైవుడ్ అయితే పొరలు కనిపిస్తాయి. చెప్పడమే గానీ విప్పి చూపించేది లేదు.

రెండూ ఒకే రంగు, ఒకే సైజు. ఆస్పత్రికి బయల్దేరిన రోజు అమ్మ రెండోది షారన్ చేతికిచ్చి, "దీన్ని మాత్రం పెట్టెలో పెట్టొద్దు, రోజూ వాయించు" అనింది. వాయిస్తూనే ఉంది. మొన్న చర్చిలో పాస్టరమ్మ, "నీది ఈమధ్య ఎంత తియ్యగా పలుకుతోందే" అని మెచ్చుకుంటే, ప్లైవుడ్‌కి తీపేమిటని షారన్‌కి ఒళ్లు మండింది.

ఇప్పుడు ఆ మంటంతా బయటికొచ్చింది. "చూసేదానికి లేదు, వినేదానికి లేదు! అమ్మని ఒకసారి పెట్టెలో పెట్టింది చాల్లేదా నాయనా నీకు?"

జీవానందం మూత తీసి, చీర ముక్క విప్పాడు.

"తీసుకో. రేపొక్కరోజే. ఎండలో పెట్టబాక."

ఇవ్వబోతూ, పగుళ్లేమైనా వచ్చాయేమోనని కిటికీ వెలుగులోకి తిప్పి రంధ్రం అంచు చూశాడు. కళ్లజోడు సర్దుకుని మళ్లీ చూశాడు. దాన్ని మంచం మీద పెట్టి, గోడ మీదున్న షారన్‌దాన్ని దించి దాని అంచూ చూశాడు.

"ఏమైంది నాయనా? పగిలిందా?"

ఆయన గోడ మీది నుంచి దించినదాన్ని కూతురి ఒళ్లో పెట్టాడు.

"ఏడాదిగా నువ్వు వాయిస్తా ఉండేది మీ అమ్మదే మే."